కొత్త డొమైన్ నుంచి పంపిన మెయిళ్లు స్పామ్‌లో ఎందుకు పడుతున్నాయి?

మీరు అనంతపురంలో చీరల దుకాణం పేరుతో డొమైన్ (మెయిల్ చిరునామాలో @ తర్వాత వచ్చే పేరు) కొని, తొలిరోజే 3,000 మందికి మెయిల్ పంపానన్నారు. చిక్కంతా అక్కడే వచ్చింది. ఊరికి కొత్తగా వచ్చిన మనిషికి ఎవరూ వెంటనే అప్పు ఇవ్వరు. మెయిల్ సర్వర్లూ అంతే, ముక్కూ మొహం తెలియని డొమైన్‌ను అనుమానిస్తాయి.

ముందు డొమైన్ సెట్టింగుల్లో ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు సరిచేయండి. మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందో లేదో అవతలి సర్వర్ తేల్చుకునేది వీటితోనే. తర్వాత రోజుకు 20, 30 మెయిళ్లతో మొదలుపెట్టండి, అదీ తప్పక జవాబిచ్చే పాత కొనుగోలుదారులకే. "మీరు అడిగిన ఆకుపచ్చ పట్టుచీర వచ్చింది, పక్కన పెట్టమంటారా?" అని రాస్తే జవాబు వస్తుంది. ఆ జవాబే డొమైన్‌కు పరపతి. నాలుగైదు వారాల్లో సంఖ్యను మెల్లగా పెంచండి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదని 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ నియమం పెట్టింది. డబ్బిచ్చి కొన్న చిరునామాల జాబితాను మాత్రం దయచేసి ముట్టుకోకండి.