ఇంగ్లీషు ‘బ్యాండికూట్’ మన పందికొక్కేనా?

అడిగిన ప్రశ్న: బ్యాండికూట్ అంటే డిక్షనరీలో ఒకచోట ఎలుక అనీ, ఇంకోచోట ఆస్ట్రేలియా జంతువు అనీ ఉంది. ఏది సరైనది?

రెండూ సరైనవే. ఈ మాట పుట్టిల్లు మాత్రం తెలుగే. పందికొక్కు అంటే పందిలాంటి ఎలుక. దాడి చేసేటప్పుడు అది పందిలా గుర్రుమంటుంది కూడా. మన దేశంలో ఉన్న ఇంగ్లీషువాళ్లు ఈ పేరు తీసుకుని బ్యాండికూట్ అని పలికారు. వరి గట్లకు బొక్కలు పెట్టి, కంకులు కొరికి లోపల దాచుకునే మన పందికొక్కే దీని మొదటి అర్థం. శాస్త్రవేత్తలు ఈ ఎలుకల ప్రజాతికి పెట్టిన ‘బ్యాండికోటా’ అనే పేరు కూడా అక్కడి నుంచి వచ్చిందే.

రెండో అర్థం పోలికను బట్టి వచ్చింది. ఆస్ట్రేలియా వెళ్లిన ఇంగ్లీషువాళ్లకు అక్కడ మూతి పొడుగ్గా ఉండి, నేల తవ్వుకు తినే చిన్న జంతువు కనిపించింది. చూడటానికి పెద్ద ఎలుకలా ఉండేసరికి తెలిసిన పేరే పెట్టేశారు. నిజానికి రెంటికీ చుట్టరికమే లేదు. ఆ ఆస్ట్రేలియా జంతువు కంగారూలా పిల్లల్ని సంచిలో పెంచుతుంది. ఆ సంచి నోరు వెనక్కి ఉంటుంది, తవ్వేటప్పుడు మట్టి లోపల పడకుండా. ఎంత చక్కని ఏర్పాటో!

ఆస్ట్రేలియన్లు దీన్ని క్రియగా కూడా వాడతారు. మొక్క పైభాగం కదలకుండా కింద బంగాళాదుంపలు మాత్రం తవ్వుకుపోవడాన్ని ‘బ్యాండికూటింగ్’ అంటారు.

ఇలాంటి మాటలు నేర్చుకునేటప్పుడు అర్థాల పట్టిక బట్టీ పట్టకండి. మంచి డిక్షనరీలో వ్యుత్పత్తి ముందు చదవండి, మిగతా అర్థాలు వాటంతటవే గుర్తుంటాయి.