ఒరెగాన్ ట్రైల్ వెంట కారులో, తెలుగు వీడియోల కోసం: ఎక్కడ ఆగాలి, ఎక్కడ సాగిపోవాలి

కాన్సస్ సిటీ నుంచి పోర్ట్‌ల్యాండ్ దాకా ఒరెగాన్ ట్రైల్ వెంట కారులో వెళ్లి తెలుగులో వీడియోలు చేయాలనుంది, రెండు వారాల సెలవుంది, ఎక్కడెక్కడ ఆగాలి, పర్మిషన్ల సంగతేంటి అని అడిగారు. నేనూ మా ఆవిడా కెమెరా పట్టుకుని ఈ దారంతా తిరిగాం కాబట్టి మాకు పనికొచ్చింది చెప్తాను.

19వ శతాబ్దంలో పశ్చిమాన స్థిరపడటానికి జనం బండ్లు కట్టుకుని వలస వెళ్లిన దారి ఇది. మిజోరిలో కాన్సస్ సిటీ పక్కనే ఉన్న ఇండిపెండెన్స్‌లో మొదలై, పోర్ట్‌ల్యాండ్ దగ్గరి ఒరెగాన్ సిటీలో ముగిసే ఈ పాత దారి దాదాపు 2,170 మైళ్లు. దీన్ని రెండు వారాలకు సమానంగా పంచితే ప్రతిచోటా కారు దిగడం, బోర్డు ముందు నిలబడి నాలుగు ముక్కలు చెప్పడం, మళ్లీ కారెక్కడం, ఇంతే మిగులుతుంది. దయచేసి అలా చేయకండి. నెబ్రాస్కాలోని ఒగలాలా నుంచి వయోమింగ్‌లోని సౌత్ పాస్ దాకా ఉన్న సుమారు 450 మైళ్లకు మీ సెలవులో సగం ఇచ్చేయండి. మిగతా చోట్ల పాత బండిబాట చాలావరకు ఊళ్ల కిందా, మొక్కజొన్న చేల కిందా, హైవేల కిందా కలిసిపోయింది. ఇక్కడ మాత్రం కంటికి కనిపిస్తుంది, దిగి నడవొచ్చు.

మన ప్రేక్షకులు ఈ చరిత్రని స్కూల్లో చదువుకోలేదు. అందుకే మొదటి వీడియోలో కాస్త నేపథ్యం చెప్పండి. 1843లో దాదాపు వెయ్యి మంది ఒకేసారి బయల్దేరడంతో ఈ వలస ఊపందుకుంది. 1869లో దేశానికి అడ్డంగా పశ్చిమ తీరం దాకా రైలు మార్గం పూర్తయ్యేదాకా సాగింది. బండ్లు లాగింది ఎక్కువగా ఎద్దులే. మనిషికి 200 పౌండ్ల దాకా పిండి, 150 పౌండ్ల బేకన్ వేసుకుంటే బండిలో కూర్చునే చోటు ఎక్కడిది? పెద్దాచిన్నా అందరూ నడిచేవాళ్లు. రోజుకు 15 మైళ్లు నడిస్తే బాగా నడిచినట్టే. నాలుగు నుంచి ఆరు నెలల ప్రయాణం. ఈ నెమ్మది మీ వీడియోలో తెలియాలి. అది తెలియకపోతే ఎంత మంచి డ్రోన్ షాట్ ఉన్నా లాభం లేదు.

నేను ఆ నెమ్మదిని ఒక కుర్రాడి కథతో చూపించాను. వయోమింగ్‌లో గర్న్సీ ఊరి బయట రిజిస్టర్ క్లిఫ్ అని ఒక మెత్తటి ఇసుకరాయి కొండ ఉంది. దాని మీద వలస వెళ్లినవాళ్లు పేర్లు చెక్కుకున్నారు. వాటిలో ఇండియానా నుంచి కాలిఫోర్నియా బంగారం కోసం బయల్దేరిన ఆల్వా అంథాంక్ అనే 19 ఏళ్ల అబ్బాయి పేరుంటుంది. చెక్కింది 1850 జూన్ 23న. జులై 2న కలరాతో పోయాడు. సమాధి గ్లెన్‌రాక్ దగ్గర, పవర్ ప్లాంట్‌కు సమీపంలో ఉంది. పేరు చెక్కిన చోటు నుంచి సమాధి దాకా మీకు కారులో గంటన్నర. అతనికి ఆ తొమ్మిది రోజులే మిగిలాయి. అదే కొండ మీద 1869లో ఒకరు, 1931లో మరొకరు అదే ఇంటిపేరుతో తమ పేర్లు చెక్కారు. ఈ రెండు చోట్లనీ ఒకే వీడియోలో పెట్టండి. ఈ దారిలో ఎక్కువమందిని చంపింది బాణాలు కాదు, కలరా అని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి!

అదే గర్న్సీలో, కొండకు కొద్ది మైళ్ల దూరంలోనే, బండి చక్రాలు రాతిని కోసేసిన చోటు ఉంది. కొన్నిచోట్ల అయిదడుగుల లోతు. అందులోకి దిగి నిలబడితే రెండు పక్కలా రాతి గోడలు భుజాల దాకా వస్తాయి. వానాకాలంలో మన పొలాల మధ్య బండిబాట దిగబడిపోయినట్టే ఉంటుంది, కాకపోతే ఇది రాయి. ఫొటో పంపితే మా నాన్నగారు వెంటనే అడిగిన ప్రశ్న: "ఇంత లోతు పడాలంటే ఎన్ని బండ్లు తిరిగుండాలి, ఎడ్లు ఎంత లాగుండాలి?" ఎద్దులబండి ఎరిగిన జనానికి ఈ కథ చెప్పడం మనకున్న పెద్ద వరం, దాన్ని వాడుకోండి. ఇక్కడ మాటలు తగ్గించి, కెమెరాని చక్రం ఎత్తులో పెట్టి నెమ్మదిగా నడవండి. మధ్యాహ్నం వద్దు, నెత్తి మీద ఎండకి గాడుల లోతు తెలియదు. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ నీడ పడ్డప్పుడు వెళ్లండి.

గర్న్సీకి ముందు హైవే 26 మీద వరసగా వచ్చేవి: ఆష్ హాలోలో బండ్లు దింపిన నిలువు దిగుడు, చిమ్నీ రాక్, స్కాట్స్ బ్లఫ్, ఫోర్ట్ లారమీ. వలసవాళ్ల డైరీల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు కనిపించేది చిమ్నీ రాక్. దూరం నుంచి కనిపిస్తూనే ఉంటుంది, దాని దగ్గరికి చేరడానికే రోజులు పట్టేది. మ్యూజియం ముందు నుంచి అందరూ ఒకే షాట్ తీస్తారు. మట్టిరోడ్డున పాత సమాధుల వైపు వెళ్తే ఇంకా దగ్గరగా దొరుకుతుంది. గడ్డిలో విషమున్న గిలక్కాయ పాములు (రాటిల్ స్నేక్స్) ఉంటాయి, షార్ట్స్ వద్దు, బూట్లు వేసుకోండి.

కాస్పర్‌లో పెట్రోల్ ట్యాంక్ నింపి, మ్యాపులు ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకుని కదలండి. ఆ తర్వాత ల్యాండర్ దాకా సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, బంకులు చాలా తక్కువ. హైవే 220 మీద ఇండిపెండెన్స్ రాక్ వస్తుంది. జులై 4 కల్లా అక్కడికి చేరితేనే మంచు పడేలోపు పశ్చిమాన కొండలు దాటగలరని లెక్క వేసుకునేవాళ్లు. 130 అడుగుల ఎత్తున్న గ్రానైట్ గుట్ట, ఎక్కనిస్తారు. పైన ఉన్న పేర్ల మీద కాలు పడకుండా చూసుకోండి. అక్కడ గాలి భయంకరంగా ఉంటుంది. మైక్‌కి బొచ్చు కవర్ లేకపోతే ఒక్క మాట కూడా వినపడదు, వయోమింగ్ అంతా ఇదే టెన్షన్.

సౌత్ పాస్ చూసి చాలామంది నిరాశపడతారు. కనుమ అంటే ఇరుకు లోయ ఊహించుకుని వెళ్తారు, అక్కడ ఉండేది సుమారు 7,400 అడుగుల ఎత్తులో విశాలమైన గడ్డిమైదానం. కానీ అంత చదునుగా ఉండటం వల్లే బండ్లు రాకీ పర్వతాలు దాటగలిగాయి. ఇది కెమెరా ముందు చెప్పాల్సిన మాట. ఎజ్రా మీకర్ గురించి చెప్పడానికీ ఇదే సరైన చోటు. 1852లో ఎద్దులబండిలో వెళ్లిన మనిషి, 1906లో 75 ఏళ్ల వయసులో మళ్లీ ఎద్దులబండి కట్టి ఈ దారిని ఎదురు దిక్కులో నడిచి, గుర్తురాళ్లు పాతించాడు. 1916లో కారులో, 1924లో విమానంలో కూడా ఇదే దారి పట్టాడు. సౌత్ పాస్‌లో ఆయన పెట్టిన రాయి దగ్గరికి మట్టిరోడ్డు ఉంది, వాన పడితే మాత్రం దిగకండి. హైవే 28 మీద వ్యూ పాయింట్ నుంచి చూసినా చాలు.

పర్మిషన్లు: 2025 జనవరిలో వచ్చిన చట్టం ప్రకారం నేషనల్ పార్క్ సర్వీస్ చోట్ల ఆరుగురి కంటే తక్కువమంది, చేతి కెమెరాలతో, అందరికీ తెరిచిన ప్రదేశాల్లో తీస్తే మామూలుగా పర్మిట్ అక్కర్లేదు. వీడియో మీద డబ్బులొచ్చినా అంతే. డ్రోన్ మాత్రం ఆ చోట్ల 2014 నుంచి నిషేధం, అంటే స్కాట్స్ బ్లఫ్, ఫోర్ట్ లారమీ రెండూ పోయాయి. మిగతా చోట్ల ఎగరేసినా, ఛానెల్ మీద ఆదాయం ఉంటే అమెరికా విమానయాన శాఖ ఎఫ్ఏఏ ఇచ్చే పార్ట్ 107 డ్రోన్ లైసెన్స్ కావాలి. రాంచ్ భూముల్లో కంచె దాటకండి, ఇంటివాళ్లని అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు. ఇంకొకటి, మనవాళ్లకి ముఖ్యం: హెచ్1బీ మీద ఉంటే స్పాన్సర్ చేసిన కంపెనీకే పని చేయాలి. ఈఏడీ (పని అనుమతి కార్డు) లేని హెచ్4కి పనే కుదరదు. మానిటైజేషన్ ఆన్ చేసే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి.

ఒక్క విషయంలో మాత్రం మిమ్మల్ని గట్టిగా అడుగుతున్నాను. దీన్ని సాహసగాథలా మాత్రమే చెప్పకండి. ఆ నేల ఖాళీగా లేదు. వలసబండ్ల పశువులు గడ్డి తినేశాయి, అడవిదున్నలు చెదిరిపోయాయి, రోగాలు పాకాయి. 1851లో హార్స్ క్రీక్ దగ్గర అమెరికా ప్రభుత్వం అక్కడి ఆదివాసీ తెగలతో ఒప్పందం చేసుకుని, ఏటా 50,000 డాలర్ల చొప్పున 50 ఏళ్లు ఇస్తామని చెప్పింది, తర్వాత సెనేట్ దాన్ని పదేళ్లకు తగ్గించేసింది. ఫోర్ట్ లారమీలో ఈ మాట చెప్పండి. ఒరెగాన్‌లో పెండిల్టన్ దగ్గర టమాస్ట్‌స్లిక్ట్ మ్యూజియం ఉంది. కాయూస్, ఉమటిల్లా, వాలా వాలా తెగలవాళ్లు తామే నడుపుతున్నారు. దానికి సగం రోజు కేటాయించండి, లోపల షూట్ చేయొచ్చా అని ముందుగానే అడగండి.

ఐడహో త్వరగా దాటొచ్చు. త్రీ ఐలాండ్ క్రాసింగ్ ఒక్కటి వదలొద్దు, స్నేక్ నదిని చాలామంది దాటింది అక్కడే. షొషోన్ జలపాతం చూడాలంటే జూన్ లోపే, తర్వాత నీళ్లు సాగుకు మళ్లిస్తారు. తిండికి మాత్రం రైస్ కుక్కర్, ఆవకాయ పెట్టుకోండి, చిన్న ఊళ్లలో శాకాహారులకి చీజ్ పిజ్జా తప్ప దొరకదు.

చివర్లో ఒరెగాన్‌లోని ద డాల్స్ ఊరి నుంచి అందరూ కొలంబియా గార్జ్ జలపాతాల వైపు వెళ్తారు. మీరు మౌంట్ హుడ్ కిందుగా హైవే 26 పట్టండి. 1846లో తెరిచిన బార్లో రోడ్ ఆ పక్కనే వెళ్లింది. లారెల్ హిల్ దగ్గర బండ్లని తాళ్లతో చెట్లకు చుట్టి కిందికి దింపిన నిట్టనిలువు వాలు ఇప్పటికీ ఉంది, చిన్న నడకతో చేరొచ్చు. అక్కడి నుంచి ఒరెగాన్ సిటీ సాయంత్రంలోపు వస్తుంది. పార్క్ సర్వీస్ వాళ్లు ఈ దారికి ఆటో టూర్ గైడ్‌లు (కారులో వెళ్లేవాళ్ల కోసం) ఉచితంగా ఇస్తున్నారు, అన్నీ దింపుకుని మీ తేదీలు చెప్పండి, రోజువారీ రూట్ కూర్చుని వేద్దాం.