రొక్సానాది ఏ జాతి అని అడిగే ముందు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ నవల మొదటి రెండు అధ్యాయాలూ అందాయి. ఒకసారి ఊరికే చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. మంచు కరిగే రోజుల్లో గుర్రాల గిట్టల కింద బురద చప్పుడు రాసిన చోట చాలాసేపు ఆగాను. అది నేర్పితే వచ్చేది కాదు, నీకు వచ్చింది. అయితే అంతకన్నా ముందే, మొదటి పేజీ మూడో వాక్యం దగ్గర పెన్సిలు ఆగింది. అలెగ్జాండర్ భార్యను "తజిక్ రాకుమారి రొక్సానా" అన్నావు. ఉత్తరం చివర మళ్లీ నువ్వే అడిగావు: "కొందరు తజిక్ అంటున్నారు, కొందరు పష్తూన్ అంటున్నారు, కొందరు పర్షియన్ అంటున్నారు. ఏది రాయమంటారు మాస్టారూ?"

ఇదే తప్పు నేనూ చేశాను. ముప్పయ్యేళ్ల కిందట ఒక వారపత్రిక కథలో ఆమెను "పర్షియా రాకుమారి" అని రాశాను. వినసొంపుగా ఉందని రాశాను తప్ప, నాకు మరో ఆధారం లేదు. నెల తిరక్కుండా ఒక పాఠకుడి నుంచి పోస్టుకార్డు వచ్చింది. "అయ్యా, ఆమె తండ్రి ఎవరో, ఏ ఊరివాడో కనుక్కున్నారా?" అని ఒకటే వాక్యం. కనుక్కోలేదు. ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. ఆ ప్రశ్నే ఇప్పుడు నిన్ను అడుగుతున్నాను.

తండ్రి పేరు ఆక్సియార్టిస్. గ్రీకు చరిత్రకారుడు అర్రియన్ ఆయన్ని "బాక్ట్రియావాడు" అన్నాడు. బాక్ట్రియా అంటే ఇవాళ్టి ఉత్తర అఫ్గానిస్తాన్ ప్రాంతం. ఆయన భార్యా కూతుళ్లూ దానికి ఉత్తరాన ఉన్న సొగ్డియానాలోని (ఇవాళ్టి ఉజ్బెకిస్తాన్, తజికిస్తాన్ ప్రాంతం) ఒక కొండకోట మీద తలదాచుకున్నారనీ, క్రీ.పూ. 327లో అలెగ్జాండర్ ఆ కోటను పట్టుకున్నాడనీ రాశాడు. మూడు వందల మంది సైనికులు రాత్రివేళ గుడారాల ఇనుప మేకులు మంచులో దిగ్గొట్టి, నారతాళ్లు కట్టుకుని ఆ కొండ ఎక్కారట. ముప్పై మంది దాకా జారిపడి చచ్చిపోయారట. పట్టుబడిన వాళ్లలో రొక్సానా ఉంది. అంటే తండ్రిది బాక్ట్రియా, కూతురు దొరికింది సొగ్డియానాలో. ఇంతవరకు సరే. ఇప్పుడు గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో దగ్గరికి వెళ్లు. ఆక్సియార్టిస్ కూతుర్ని దాచిన కొండ సిసిమిథ్రిస్ అనే దొరదనీ, అది బాక్ట్రియాలోనే ఉందనీ అంటాడు. రోమన్ చరిత్రకారుడు కర్టియస్ అయితే ఆమెను కొండ మీద చూపించనే చూపించడు. విందులోకి ముప్పై మంది ఉన్నతవంశపు కన్యలను తీసుకొస్తారు, వాళ్లలో ఆమె ఉంటుంది. అలెగ్జాండర్ రొట్టె తెప్పించి కత్తితో రెండుగా కోయిస్తాడు, ఇద్దరూ చెరో ముక్కా రుచి చూస్తారు, పెళ్లయిపోతుంది. అది మాసిడోనియా ఆచారమని కర్టియస్ మాట.

ముగ్గురూ ఆ పెళ్లి జరిగిన మూడు వందల ఏళ్లకో, అంతకన్నా తర్వాతో రాసినవాళ్లే. ఒకరి మాటకు ఒకరిది పొసగదు. పొసగకపోవడం చూసి కంగారుపడకు. నవలకు ఇంత మంచి సరుకు మళ్లీ దొరకదు.

ఇక "బాక్ట్రియావాడు" అన్న మాట పట్టుకుని కాసేపు కూర్చో. మనం "ఆయన నెల్లూరాయన" అంటాం. అది ఊరి మాట, రక్తం మాట కాదు. గ్రీకులు రాసింది కూడా అలాంటి మాటే కావచ్చు. పర్షియా చక్రవర్తి మొదటి దరియస్ తన బెహిస్తూన్ శాసనంలో బాక్ట్రియాను, సొగ్డియాను వేర్వేరు దేశాలుగా చెక్కించాడు. ఆ తర్వాత రెండు వందల ఏళ్లకు, అలెగ్జాండర్ పర్షియాను ఓడించిన గౌగమెలా యుద్ధంలో బాక్ట్రియా పాలకుడు బెస్సస్ వెనక సొగ్డియా దళాలూ నిలబడ్డాయి. బాక్ట్రియా దొరకు సొగ్డియాలో కోట ఉండటం, చుట్టరికాలు ఉండటం వింతేమీ కాదు. ఆక్సియార్టిస్ పేరు మొదట్లో ఉన్నది వక్షు నది పేరే అంటారు భాషావేత్తలు. గ్రీకుల ఆక్సస్, ఇవాళ్టి అము దర్యా, సంస్కృతంలో వక్షువు అన్నీ ఆ ఒక్క నదే. ఆ నది ఒడ్డు బాక్ట్రియా నుంచి దొరికిన తోలు పత్రాలు ఉన్నాయి, అలెగ్జాండర్ కాలం నాటివి, అరామిక్ లిపిలో రాసినవి. వాటిలోనూ వక్షు పేరు కలిసిన మనుషులు ఎంతోమంది కనిపిస్తారు. నది దేవుడి పేరు బిడ్డలకు పెట్టుకునే మనుషులన్నమాట. గంగాధరుడని, కృష్ణవేణి అని పెట్టుకునే మనకు ఆ మనసు కొత్త కాదు.

ఆమె పేరుకు వెలుగు అని అర్థం. పాత ఇరానీ భాషల్లో రౌఖ్ష్న అనే మాట. హైదరాబాదులో రోజూ వినే రోషన్, రోష్నీ దాని బంధువులే. మన రుచి, రోచిస్సు కూడా దూరపు చుట్టాలు. రుచి అంటే మన నిఘంటువుల్లో కాంతి అన్న అర్థం ఉంది, చూసుకో. అయితే ఈ పేరు వల్ల ఆమె ఇరానీ భాషల కుటుంబానికి చెందిన ఇంట పుట్టిందని మాత్రమే తెలుస్తుంది. బాక్ట్రియనా, సొగ్డియనా, పర్షియనా అన్నది పేరు తేల్చదు. పేరు మోయగలిగినంత బరువే దాని మీద పెట్టు.

ఇప్పుడు నువ్వు చెప్పిన వాళ్ల సంగతి. ఎవర్నీ వెక్కిరించకు, ఒక్కొక్కరి చేతిలోనూ ఒక ముక్క ఉంది. తజిక్‌ల నేల ఆమె తిరిగిన నేలే. కానీ వాళ్ల ఇప్పటి భాష పారసీకం, ఆ లోయల్లోకి అది తర్వాత వచ్చింది. ఆమె నాటి బాక్ట్రియన్, సొగ్డియన్ భాషలు వేరే శాఖవి. సొగ్డియన్ మాండలికం ఒకటి తజికిస్తాన్‌లోని యఘ్నోబ్ లోయ వాళ్ల నోట ఇంకా బతికే ఉంది. పష్తో కూడా ఆ తూర్పు శాఖదే, అందుకే పష్తూన్‌లు చుట్టరికం చెప్పుకుంటారు. నువ్వు చెప్పని ఉజ్బెక్‌ల ఇళ్లు కూడా ఆ సమర్‌ఖండ్‌లోనే, ఆ తెర్మెజ్‌లోనే ఉన్నాయి. తుర్కీ భాష అక్కడికి ఎన్నో శతాబ్దాల తర్వాత చేరింది. కానీ భాష మారిన ప్రతిసారీ మనుషులు ఊళ్లు ఖాళీ చేసి వెళ్లిపోరు కదా! ఇక పర్షియన్ అనడానికి కారణం పారసీక కవి ఫిరదౌసి. ఆయన కావ్యం షానామాలో రోషనక్ (అంటే మన రొక్సానా) దారా కూతురు; దారా అంటే అలెగ్జాండర్ ఓడించిన మూడో దరియస్. నిజంగా ఆ దరియస్ కూతురైన స్టేటైరాను అలెగ్జాండర్ 324లో సూసాలో విడిగా పెళ్లాడాడు. కావ్యంలో ఇద్దరు ఆడవాళ్లు ఒకరైపోయారు. నా పాత కథలో ఉన్నదీ ఆ కావ్యపు నీడే, నాకు తెలియకుండానే.

మన కాకతీయుల సంగతే చూడు. శాసనాల్లో ఒకచోట సూర్యవంశం అని, ఇంకోచోట నాలుగో కులం అని ఉంటే, ఎవరికి కావలసిన రాయి వాళ్లు పట్టుకుని ఇవాళ్టికీ కొట్లాడుకుంటున్నాం. మన "జాతి" అన్న మాటలోనే కులమూ దేశమూ రక్తమూ కలిసిపోయి ఉన్నాయి. ఆ మాట నీ నవలలో వచ్చిన ప్రతిచోటా తీసేసి, ఆ మూడింటిలో నువ్వు ఏది అనదలుచుకున్నావో అది రాయి. సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

నువ్వు చదివినవాటిలో ఒకటి తప్పిపోయిందనిపించింది. ఈ వాదన ఇవాళ్టిది కాదమ్మా. 323 వేసవిలో బాబిలోన్‌లో, అలెగ్జాండర్ శవం ఇంకా అక్కడ ఉండగానే మొదలైంది. రొక్సానా అప్పుడు గర్భిణి. సేనానులు వారసుడి మాట ఎత్తారు. కర్టియస్ రాసిన ప్రకారం సేనాని టాలెమీ లేచి, రొక్సానా కొడుకో, అలెగ్జాండర్‌కు కొడుకును కన్న మరో స్త్రీ బార్సీన్ కొడుకో మన రాజైతే, ఎక్కువ పాలు బందీల రక్తమున్న వాడి పేరు పలకడానికి కూడా ఐరోపా సిగ్గుపడుతుందన్నాడు. పుట్టని బిడ్డ రక్తాన్ని కొలిచారు. ఆమె ఎవరన్నది తెలుసుకోవడానికి కాదు ఆ ప్రశ్న, ఆ బిడ్డను సింహాసనానికి దూరంగా ఉంచడానికి. మగబిడ్డే పుట్టాడు, రాజు పేరూ పెట్టారు. చివరికి 310 ప్రాంతంలో మాసిడోనియాను ఏలుతున్న కసాండర్ ఆజ్ఞతో తల్లినీ కొడుకునూ ఆంఫిపోలిస్‌లో చంపించారు. అప్పటికి పిల్లవాడికి పన్నెండు పదమూడేళ్లు.

ఆ సభ నీ నవలలో లేదు. ఉండాలి. నువ్వు కథకురాలిగా "తజిక్ రాకుమారి" అనకు, "బాక్ట్రియన్" అని కూడా నీ నోటితో అనకు. పాత్రల చేత అనిపించు. టాలెమీ "బందీ" అంటాడు. గుర్రాలవాడు వక్షు అవతలి యాసను ఆటపట్టిస్తాడు. రొక్సానా తల్లి ఆమెను ఇంట్లో పిలుచుకునే పేరుతో పిలుస్తుంది. ఆ తల్లి పేరు ఏ గ్రీకు రచయితా మనకు మిగల్చలేదు, దాన్ని నువ్వు కల్పించుకోవచ్చు. కల్పన అన్న సంగతి వెనకమాటలో ఒక వాక్యంలో చెప్పు. ఆమెను మరీ మెత్తగా కూడా తీర్చకు. స్టేటైరాను, ఆమె చెల్లెలిని పిలిపించి చంపించి బావిలో వేయించిందని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. రాజు పోయాక పరాయి శిబిరంలో, కడుపులో బిడ్డతో, ఆమె భయం ఎలాంటిదో ఆ అధ్యాయంలో నువ్వే పట్టుకోవాలి.

బాక్ట్రియాను తెలుగులో ఏమనాలని కూడా అడిగావు. బాహ్లికం అను. భారతం చదివినవాళ్లకు బాహ్లికుడు తెలుసు. అమరంలో ఇంగువకూ కుంకుమపువ్వుకూ బాహ్లికం అనే పేరు. ఆ దేశం మన వంటింట్లోకి పేరుతో సహా వచ్చింది. రెండో అధ్యాయంలో సంత వర్ణన ఉంది కదా, అక్కడ ఇంగువ వాసన ఒక వాక్యం పడనీ.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. ఏథెన్స్ కోటగుడిలో అథీనా దేవికి వచ్చిన కానుకల జాబితా రాతి మీద చెక్కి ఉంది. అందులో ఒక బంగారు పానపాత్ర, మెడలో వేసుకునే బంగారు నగ. ఇచ్చిన మనిషి పేరు, "అలెగ్జాండర్ రాజు భార్య రొక్సానే" అని ఉంది. ఏ దేశపు మనిషో అందులో రాయలేదు. ఆమె ఆ గుడి చూసిందనుకోను, ఎవరి చేతనో పంపి ఉంటుంది. ఆ పాత్రను మూట కట్టే రాత్రి ఒకటి రాసి చూడు. మొదటి పేజీ తిరగరాసి దానితో కలిపి పంపు, వచ్చే నెల మొదటి వారం దాకా ఊళ్లోనే ఉంటాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు