మేనకోడలికి: కాలనీలో ఈ-వేస్ట్ సేకరణ మొదలుపెట్టే ముందు

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

కాలనీ సంఘంలో పాత ఎలక్ట్రానిక్ సామాను సేకరించే బాధ్యత నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. గేటు దగ్గర డబ్బా పెట్టి, దాని ఫోటో వాట్సాప్ గ్రూపులో పెట్టడంతో మాత్రం మొదలుపెట్టకు. డబ్బా నింపడం తేలికే, నిండాక ఆ సరుకు ఎటు పోతుందన్నదే అసలు ప్రశ్న. తీసుకెళ్లేవాళ్లు కుదరక నెలల తరబడి సెల్లార్‌లో పడి ఉండి, చివరికి అంతా పాత సామాన్ల కొట్టుకే తూకానికి పోతుంది. అంతమాత్రానికి నువ్వు ఇంత శ్రమపడడం ఎందుకు? అందుకే పనిని చివరి నుంచి మొదలుపెట్టు.

ముందు రీసైక్లర్‌ని, అంటే ఈ తుక్కుని విడదీసి లోహాలవీ తిరిగి తీసే కంపెనీని, ఖాయం చేసుకో. 2022లో వచ్చిన ఈ-వ్యర్థాల నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదయ్యేది నాలుగు రకాలవాళ్లే: తయారీదారు, ఉత్పత్తిదారు (తన బ్రాండ్ పేరుతో అమ్మే, లేదా దిగుమతి చేసే కంపెనీ), రీఫర్బిషర్ (పాతవాటిని బాగుచేసేవాళ్లు), రీసైక్లర్. 'కలెక్షన్ సెంటర్' అని బోర్డు పెట్టుకున్నంత మాత్రాన ఎవరికీ నమోదు ఉన్నట్టు కాదు. 2016 నియమాల కాలం నాటి కాగితం చూపించినా ఒప్పుకోకు. ఏ రీసైక్లర్‌కి ఇస్తున్నారో పేరు అడుగు. ఆ పేరు పోర్టల్‌లో ఉందా, చిరునామా సరిపోయిందా, గడువు మిగిలి ఉందా చూడు. తర్వాత ఆ రీసైక్లర్‌కే ఫోన్ చేసి మూడు సంగతులు కనుక్కో: బండి పంపడానికి కనీసం ఎన్ని కిలోలు ఉండాలి, బాక్సు టీవీలు తీసుకుంటారా, ట్యూబ్‌లైట్లు తీసుకుంటారా. చివరి రెండింటికీ చాలామంది వెనకాడతారు. లాప్‌టాప్‌లూ ఫోన్లూ ఏరుకుని టీవీలు వదిలేస్తామనే వాళ్లతో బేరం వద్దు. లాప్‌టాప్‌ల మీద వచ్చే డబ్బే టీవీల రవాణా ఖర్చు భరించాలి, లేకపోతే లెక్క కుదరదు.

ఇక పాత సామాన్లు కొనే తోపుడుబండివాళ్ల సంగతి. వాళ్లని గేటు బయటే ఆపెయ్యాలని మీ సంఘంలో కొందరు అంటారు. అది పొరపాటు. ఏ ఇంట్లో ఏం మూలపడి ఉందో వాళ్లకి తెలిసినంతగా నీకు తెలియదు. పైగా వాళ్లు చేతిలో డబ్బు పెడతారు, నీ డబ్బా ఏమీ ఇవ్వదు. వాళ్లతో పోటీకి దిగితే రాగి ఉన్నదంతా వాళ్లకి పోయి, ఎవరికీ పనికిరానిది నీకు మిగులుతుంది. దానికి బదులు వీధికి ఒకరిని మాట్లాడుకుని, ఇంటింటికీ తిరిగి సరుకు తెచ్చే పని వాళ్లకే అప్పగించు. కిలోకి ఇంత అని కూలి ముందే చెప్పు. షరతు ఒక్కటే: సామాను విప్పకుండా, పగలగొట్టకుండా మొత్తంగా రావాలి.

ఆ షరతు ఎందుకో వాళ్లకీ వివరంగా చెప్పాలి. బాక్సు టీవీ లోపలి పిక్చర్ ట్యూబ్ మెడ విరగ్గొట్టి రాగి కాయిల్ ఊడదీసుకుంటే మిగిలే గాజు మొత్తంలో సుమారు ఒక కిలో సీసం ఉంటుంది, పెద్ద టీవీ అయితే అంతకు మించి. ఆ గాజు నాలా గట్టున పడుతుంది. రాగి కోసం వైర్లు కాలిస్తే పైనున్న పీవీసీ ప్లాస్టిక్ తొడుగు నుంచి డయాక్సిన్లనే విషాలు వస్తాయి, వాటిని మొదట పీల్చేది కాల్చే మనిషే. విప్పిన సరుకుకి సగం కూలి, మొత్తంగా తెస్తే పూర్తి కూలి అని ఖచ్చితంగా ఉంటే పగలగొట్టడం దానంతటదే తగ్గుతుంది. సరుకు వచ్చినప్పుడు వెనక స్క్రూలు ఉన్నాయా చూడు. లాప్‌టాప్ అయితే హార్డ్‌డిస్కూ ర్యామూ ఉన్నాయో లేదో తెరిచి చూడాలి. ముందు మాయమయ్యేవి అవే.

అన్నింటికంటే జాగ్రత్త పడాల్సింది లిథియం బ్యాటరీల దగ్గర. ఫోను, పవర్‌బ్యాంక్, చెవిలో పెట్టుకునే ఇయర్‌బడ్స్, పిల్లల బొమ్మలు, అన్నింట్లోనూ ఇవే. చెత్తబండిలో నలిగితే లోపల షార్ట్ అయి అంటుకుంటాయి. వీటికి నూనె వచ్చే 15 కిలోల రేకు డబ్బా తీసుకో, అడుగున నాలుగు వేళ్ల మందాన పొడి ఇసుక పొయ్యి. ప్రతి బ్యాటరీ కొసలకీ ఇన్సులేషన్ టేపు చుట్టి ఒక వరస పేర్చు, మీద ఇసుక, మళ్లీ వరస. మూత బిగించకు, గాలి పోయే సందుండాలి. ఉబ్బినదాన్ని నొక్కకూడదు, గుచ్చకూడదు, దాన్ని ఫోన్‌లోంచి ఊడబెరకనూ కూడదు. దానికి విడిగా మరో ఇసుక డబ్బా పెట్టు. పొగ వస్తే దగ్గరికి పోవద్దు, ఆ పొగ ఊపిరితిత్తులకి ప్రమాదం. అందరినీ దూరం పంపి 101కి ఫోన్ చెయ్యాలి.

ఈ డబ్బాలు సెల్లార్‌లో, మీటర్ల పక్కన, స్కూటర్ల మధ్య పెట్టకు. చాలా అపార్ట్‌మెంట్లలో ఇలాంటివన్నీ వాచ్‌మన్ గదిలోకి చేరతాయి. అక్కడ అతని పిల్లలు పడుకుంటారమ్మా. అది నువ్వు గట్టిగా పట్టుబట్టాల్సిన విషయం, సంఘంలో ఎవరు విసుక్కున్నా సరే. ఎండ తగలకుండా రేకు కప్పు వేసిన ఆరుబయటి చోటు చూడు.

ట్యూబ్‌లైట్లు, సీఎఫ్‌ఎల్ బల్బులు వాటి అట్టపెట్టెల్లోనే నిలబెట్టి ఉంచాలి. వాటిలో పాదరసం ఉంటుంది. ఒకటి పగిలితే కిటికీలు తెరిచి పది నిమిషాలు బయటికి వెళ్లిపోవాలి. చీపురు పెట్టకూడదు, వాక్యూమ్ అసలే వద్దు, రెండూ పాదరసాన్ని గదంతా పరుస్తాయి. గట్టి అట్టముక్కతో ఎత్తి, తడిగుడ్డతో తుడిచి, అంతా మూత ఉన్న గాజు సీసాలో వెయ్యమను.

బాక్సు టీవీని మొయ్యాల్సి వస్తే తెర వైపు ఛాతీకి ఆనించి మొయ్యాలి, బరువంతా అటే ఉంటుంది. వెనక మెడకి దెబ్బ తగలకూడదు. లోపల శూన్యం కాబట్టి పగిలితే గాజు ఎగిరిపడుతుంది. దాని వెనక మూత, మైక్రోవేవ్ మూత ఎవరూ తియ్యకూడదు, ప్లగ్ పీకేశాక కూడా లోపల చార్జ్ నిలిచి ఉంటుంది.

ఫ్రిజ్‌కి, ఏసీకి పైపు కోస్తే గ్యాస్ గాల్లో కలిసిపోతుంది. పాత ఏసీల్లో ఉండే ఆర్-22 ఓజోన్‌ని తినేస్తుంది, కొత్త ఫ్రిజ్‌ల్లో ఉండే ఆర్-600ఏ నిప్పురవ్వకే అంటుకుంటుంది. పనిచేస్తున్న స్ప్లిట్ ఏసీ అయితే మెకానిక్‌ని పంప్‌డౌన్ చెయ్యమను. గ్యాస్ మొత్తం బయటి యూనిట్‌లోకి లాగి వాల్వులు మూసేస్తాడు, అప్పుడే పైపులు విప్పాలి.

పనికొచ్చేవి మాత్రం తుక్కులో కలపకు. సేకరణ రోజున రిపేరు తెలిసిన ఒకరిని రెండు గంటలు కూర్చోబెడితే చాలా చార్జర్లూ మిక్సీలూ ఇంటికి తిరిగి వెళ్లిపోతాయి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కంప్యూటర్ భాగాలు, హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌లో ఫోన్ భాగాలు దొరుకుతాయి.

ఫోన్ ఇచ్చేవాళ్లకి ఒక మాట తప్పక చెప్పు. రీసెట్ చేసే ముందు గూగుల్ ఖాతా తీసేయాలి, ఐఫోన్ అయితే 'ఫైండ్ మై' ఆపేయాలి. లేకపోతే ఫోన్ లాక్ అయి, బాగున్నది కూడా తుక్కు అవుతుంది. సిమ్మూ మెమరీ కార్డూ తీసుకోవాలి. పాత హార్డ్‌డిస్క్ మొత్తాన్నీ ఒకసారి సున్నాలతో నింపితే చాలు. సుత్తి పట్టుకోవద్దను, లాప్‌టాప్ డిస్క్‌ల్లో పళ్లేలు చాలావరకు గాజువి, ముక్కలు కళ్లలోకి ఎగురుతాయి.

ఏడాది పొడుగునా డబ్బా తెరిచి ఉంచడం కంటే మూడు నెలలకొక రోజు నయం. దసరా ముందు ఇళ్లు దులుపుతారు, అదొకటి. భోగికి వారం ముందు మాత్రం తప్పకుండా పెట్టు. పాతవన్నీ మంటలో వెయ్యాలనే ఊపులో వైర్లు, రిమోట్లు, కంప్యూటర్ కీబోర్డులు కూడా భోగిమంటలోకి పోతున్నాయి. కర్రలూ పిడకలూ మంటకి, వైరున్నదేదైనా గేటు దగ్గరికి అని ముందే అందరికీ చెప్పు.

గేటు దగ్గర డిజిటల్ కాటా మీద తూచి పుస్తకంలో రాయించు: ఏ రకం, ఎన్ని, ఎన్ని కిలోలు. రీసైక్లర్ దగ్గర కాటా చీటీ తీసుకుని రెండూ పోల్చు. తేడా వస్తే దారిలో సరుకు దిగిందన్నమాట, ఆ బండివాణ్ణి మార్చెయ్. మొదటి విడత వెళ్లాక రెండు చీటీలూ ఫోటో తీసి పంపు, కూలి ఎంత పెట్టాలో అప్పుడు లెక్క వేద్దాం.

మీ మామయ్య