వారం వారం కడిగినా హాట్ టబ్ ఫిల్టరు ఎందుకు మూసుకుపోతుంది?

హాట్ టబ్ (వేడి నీళ్లలో కూర్చుని సేదతీరే పెద్ద తొట్టి) ఫిల్టరును క్రమం తప్పకుండా కడుగుతున్నా నీటి జోరు ఎందుకు తగ్గుతుందన్నది ప్రశ్న. చాలాసార్లు దానికి కారణం పైకి కనిపించే చెత్త కాదు, ఒంటి నుంచి, లోషన్ల నుంచి వచ్చి ఫిల్టరులోని పాలిస్టర్ గుడ్డ మడతల్లోకి ఇంకిపోయిన జిడ్డు.

ముందుగా కరెంటు ఆపి ఫిల్టరును బయటికి తీయాలి. ఒకటి రెండు వారాలకోసారి, ఒక్కో మడతను వేలితో విడదీస్తూ, పై నుంచి కిందికి ఏటవాలుగా పైపు నీటి ధార పట్టి కడిగితే దుమ్ము, వెంట్రుకలు పోతాయి. ప్రెషర్ వాషర్ మాత్రం వద్దు, అది గుడ్డ పోగులను చీల్చేస్తుంది.

జిడ్డు వదలాలంటే నెల నుంచి మూడు నెలలకోసారి ఫిల్టరు క్లీనర్ కలిపిన నీటిలో రాత్రంతా నానబెట్టి, నురగ పూర్తిగా పోయేవరకు కడగాలి. (గిన్నెల సబ్బు వాడితే మర్నాడు టబ్బంతా నురగే.) ఆరిన మడతల మీద తెల్లటి గరుకు పొర చేతికి తగిలితే అది సున్నపు పొర, దానికి ఆమ్లం పనిచేస్తుంది గానీ, జిడ్డు వదిలించకముందే ఆమ్లం తగిలిస్తే ఆ జిడ్డు మరింత గట్టిగా పట్టుకుపోతుంది కనుక ఈ వరుస మారకూడదు.

రెండు ఫిల్టర్లు ఉంచుకుని, ఒకటి ఆరుతుండగా మరొకటి వాడుకోవడం నా దృష్టిలో మేలైన పద్ధతి. మడతలు చివికినా, నానబెట్టి కడిగాక కూడా జోరు పుంజుకోకపోయినా మార్చేయాలి. సాధారణంగా 12 నుంచి 24 నెలల్లో ఆ అవసరం వస్తుంది.