ఒడిశా గుణుపురంలో ఉన్న చెల్లికి, బావగారికి, మేనకోడలికి: క్రైస్తవ కాలేజీ ఎంచుకునే ముందు

చెల్లికి, బావగారికి, మేనకోడలికి ప్రభువు నామంలో వందనాలు.

పిల్ల ప్లస్ టూ ఫలితాలు రాకముందే కాలేజీ సంగతి తేల్చుకోవాలనుకోవడం మంచి పని. బావగారేమో మన లూథరన్ల కాలేజీ అని గుంటూరు ఏసీ (ఆంధ్రా క్రిస్టియన్) కాలేజీ వైపు చూస్తున్నారు. చెల్లికి ఆడపిల్లల కాలేజీ, సిస్టర్ల హాస్టలు అయితే చాలు. పిల్లకు మైక్రోబయాలజీ కావాలి, ఊరు ఏదైనా ఫరవాలేదు. మీ ముగ్గురి మాటా నెగ్గే కాలేజీ దొరకడం కష్టమేమీ కాదు. కాకపోతే చూసే వరస సరిగ్గా ఉండాలి. ముందు కోర్సు, తర్వాత హాస్టలు, ఆ తర్వాత డబ్బు, చివరికి ఏ సంఘం వాళ్లది అన్నది. చాలా ఇళ్లలో దీన్ని తిరగేసి మొదలుపెడతారు. సంఘం పేరు చూసి చేర్పించేస్తారు, పిల్లకు కావలసిన కోర్సు అక్కడ ఉండదు, ఉన్నదేదో తీసుకుంటుంది, రెండో ఏడాదికల్లా చదువు మీద మనసు విరిగిపోతుంది.

బావగారూ, గేటు మీద క్రైస్తవ పేరు ఉంటే దాన్ని నడిపేదెవరో తెలుస్తుంది. లోపల పాఠం ఎలా చెబుతారో తెలియదు. గుంటూరు ఏసీ కాలేజీ 1885 నాటిది, పేరున్నది, లూథరన్ మిషన్ పెట్టింది. కానీ మన ఊరి నుంచి విశాఖ చేరాక కూడా ఇంకా 350 కిలోమీటర్లకు పైనే ప్రయాణం. జ్వరమొస్తే మీరు చేరేసరికి మర్నాడవుతుంది. విశాఖలో జ్ఞానాపురం సెయింట్ జోసెఫ్స్ మహిళా కాలేజీ 1958 నుంచి ఉంది, రైల్వే స్టేషన్‌కి దగ్గర. నౌపడ మీదుగా వెళ్లే రైలెక్కితే పొద్దున బయల్దేరి పగటిపూటే చేరొచ్చు. విజయవాడలో సిస్టర్ల మారిస్ స్టెల్లా 1962 నాటిది. ఈ మూడింటిలో ఫలానాది మేలని నేను చెప్పను. పిల్ల అడిగే కోర్సు ఎక్కడుందో చూడండి, ఉన్న చోట ఆ డిపార్ట్‌మెంట్‌లో పర్మనెంట్ లెక్చరర్లు ఎంతమంది, గెస్టులు ఎంతమంది అని అడగండి. అందరూ గెస్టులే అయితే ఏడాది మధ్యలో మనిషి మారిపోతాడు, సిలబస్ సగంలో ఆగుతుంది.

కటక్‌లో స్టివార్ట్ సైన్స్ కాలేజీని కూడా లెక్కలోంచి తీసేయకండి. 1944 నాటి మిషన్ కాలేజీ. దూరమే, కానీ సొంత రాష్ట్రం. కాగితాల విషయంలో దాని లాభం ఏమిటో కింద రాస్తాను.

మనం లూథరన్లం, సిస్టర్లది కేథలిక్ కాలేజీ అని చెల్లి భయపడుతోందని విన్నాను. ఆ భయం పెట్టుకోవద్దు, కానీ అడగాల్సినవి చేరకముందే అడగాలి. పొద్దున అసెంబ్లీలో ప్రార్థన ఉంటుంది. మామూలుగా కేథలిక్ పిల్లలకు కేటకిజం అనే మత పాఠం, మిగతావారికి నీతిబోధ తరగతి ఉంటాయి. మాస్ అనే వాళ్ల ఆరాధనలో పిల్ల కూర్చోవచ్చు, మనకు అక్కడ కమ్యూనియన్ (ప్రభువు బల్ల) ఇవ్వరు, దాన్ని చిన్నచూపు అనుకోకూడదు. రాజ్యాంగంలో 28వ అధికరణం మూడో భాగం ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ ఉన్న కాలేజీలో మత బోధనకు, ఆరాధనకు విద్యార్థి సమ్మతి లేకుండా హాజరు పరచకూడదు. మైనరైతే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. పిల్లకు ఇంకా పద్దెనిమిది నిండలేదు కనుక అప్లికేషన్‌తో పాటు ఇచ్చే ఆ సమ్మతి కాగితం మీద సంతకం మీది. చదివి పెట్టండి.

అసలు అడగాల్సింది ఆదివారం సంగతి. హాస్టల్ నుంచి పిల్లను మన సంఘానికి పంపుతారా? పంపితే ఒక్కతేనా, తోడు ఉండాలా? లోకల్ గార్డియన్ ఉత్తరం కావాలా? ఎన్ని గంటలకు తిరిగి రావాలి? చాలా హాస్టళ్లలో ఔటింగ్ నెలకు ఒకటో రెండో ఆదివారాలే. పిల్లకు తెలుగు ఆరాధన వారం వారం కావాలంటే ఆ ఊళ్లో ఏదో ఒక తెలుగు సంఘం పాస్టరుగారితో ముందే మాట్లాడి, ఆయన్నో సంఘ పెద్దనో లోకల్ గార్డియన్‌గా రాయించండి. భక్తి నేర్పే పని కాలేజీ మీద వదిలేసి మీరు చేతులు దులుపుకోకూడదు, వాళ్లకు ఆరొందల మంది పిల్లలుంటే మనది అందులో ఒక్కతే. పక్కన మంచి సంఘం ఉందా లేదా అన్నది కాలేజీ పేరు కన్నా ఎక్కువ పని చేస్తుంది.

ఇంకో సంగతి పిల్లకు. నువ్వు ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతావు, కానీ బడిలో చదివింది ఒడియా. తెలుగు రాయడం రాదు. ఆంధ్రాలో చేరితే సెకండ్ లాంగ్వేజ్ తీసుకోవాలి. పేరు చూసి తెలుగు పెట్టావంటే ప్రాచీన పద్యాలకు ప్రతిపదార్థాలు రాయాల్సి వస్తుంది. హిందీ ఉందా అని ముందే అడుగు. ప్లస్ టూలో సీహెచ్‌ఎస్‌ఈ (ఒడిశా ప్లస్ టూ బోర్డు) కింద నువ్వు తీసుకున్న భాష హిందీనా, ఒడియానా అన్నది కూడా వాళ్లకు చెప్పు.

ఇప్పుడు కాగితాలు. తప్పులు జరిగేది ఎక్కువ ఇక్కడే, అందుకే వివరంగా రాస్తున్నాను. రాష్ట్రం మారితే మన కాలేజీ నుంచి సీఎల్‌సీ (కాలేజీ వదిలిన సర్టిఫికెట్), కాండక్ట్ సర్టిఫికెట్, సీహెచ్‌ఎస్‌ఈ నుంచి మైగ్రేషన్ సర్టిఫికెట్ కావాలి. మైగ్రేషన్ ఒక్కరోజులో వచ్చేది కాదు, మార్కుల మెమో చేతికి రాగానే అప్లై చెయ్యండి. సీఎల్‌సీనే ఆంధ్రాలో టీసీ అంటారు. ఆంధ్రాలో సీట్లలో 85 శాతం అక్కడి లోకల్ పిల్లలకే, ఇది రాజ్యాంగంలోని 371డి అధికరణం కింద ఉన్న పాత ఏర్పాటు. మనం నాన్‌లోకల్. పిల్ల సీటు కన్వీనర్ (ప్రభుత్వం నింపే) కోటాలోదా, మేనేజ్‌మెంట్ (కాలేజీ నింపుకునే) కోటాలోదా అని రాతపూర్వకంగా తీసుకోండి, ఎందుకంటే ఫీజు దాని మీదే తేలుతుంది. కొన్ని కాలేజీలు ఓఏఎండీసీ అనే ఆంధ్రా డిగ్రీ అడ్మిషన్ల పోర్టల్ ద్వారా, కొన్ని సొంతంగా చేర్చుకుంటాయి. కటక్ అయితే ఒడిశా అడ్మిషన్ల పోర్టల్ శామ్స్‌లోనే అప్లై చేస్తాం, ఇక్కడి కుల, నివాస సర్టిఫికెట్లు అలాగే చెల్లుతాయి. మైగ్రేషన్ తంటా ఉండదు. పిల్లకు రాయడం వచ్చిన భాష కూడా అక్కడ ఒడియాయే. బావగారు దూరం గురించి ఆలోచించేటప్పుడు దీన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

క్రైస్తవ మైనారిటీ కోటా అడిగితే బాప్తిస్మ సర్టిఫికెట్, పాస్టరుగారి ఉత్తరం అడుగుతారు. పిల్ల పేరు బాప్తిస్మ రిజిస్టర్‌లో ఒకలా, మెట్రిక్ (పదో తరగతి) సర్టిఫికెట్‌లో ఒకలా, ఆధార్‌లో ఒడియా నుంచి ఇంగ్లీషుకి మార్చినప్పుడు ఇంకోలా పడి ఉంటుంది. కూర్చుని మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. తేడా ఉంటే మెట్రిక్ సర్టిఫికెట్‌లోని పేరునే ప్రమాణం చేసుకుని మిగతావి దిద్దించండి. అడ్మిషన్ రోజున అఫిడవిట్ కోసం కోర్టు చుట్టూ తిరగడం కన్నా ఇది నయం.

చెల్లీ, మన సంఘంలోని మిగతా కుటుంబాలకు కూడా ఈ మాట చెప్పు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ మతంలోకి మారినవారికి ఎస్సీ హోదా ఉండదు. అందుకని ఒక్క అప్లికేషన్‌లో ఎస్సీ సర్టిఫికెట్టూ, బాప్తిస్మ సర్టిఫికెట్టూ పెట్టడం అంటే తెలిసి తెలిసి చిక్కులో పడడమే. తర్వాత ఉద్యోగం వచ్చినప్పుడు విచారణలో బయటపడితే డిగ్రీ సంపాదించినా ఉద్యోగం నిలవదు. ఎస్టీలకు ఈ ఇబ్బంది లేదు, ఏ మతంలో ఉన్నా హోదా పోదు. సవర, కోయ కుటుంబాల పిల్లలకు రెండు కాగితాలూ పెట్టుకోవచ్చని భయం లేకుండా చెప్పండి.

స్కాలర్‌షిప్ విషయం కూడా చెప్పాలి. పోస్ట్ మెట్రిక్ (పదో తరగతి తర్వాతి చదువుకిచ్చే) స్కాలర్‌షిప్ డబ్బు పిల్ల చదివే రాష్ట్రం ఇవ్వదు, సొంత రాష్ట్రమే ఇస్తుంది. ఎస్టీ, ఎస్సీలకు కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకూడదు. విశాఖలో చదివినా అప్లై చేసేది ఒడిశా పోర్టల్‌లోనే. డబ్బు ఆధార్‌కు చివరగా ముడిపెట్టిన ఖాతాలోకి పడుతుంది. హాస్టల్ పక్కన ఉన్న బ్యాంకులో కొత్త ఖాతా తీసి దానికి ఆధార్ ముడిపెడితే పాత ఖాతాలో ఎదురుచూస్తూ కూర్చుంటారు. గుణుపురం ఖాతానే ఉంచండి.

ఫీజు దగ్గర రసీదు లేని పైసా ఇవ్వకండి, ఎంత మంచి మాట చెప్పినా సరే. కాషన్ డిపాజిట్ తిరిగి వచ్చే డబ్బు, దాని రసీదు విడిగా ఉండాలి. రెండో ఏడాది, మూడో ఏడాది ఎంతో కూడా రాయించుకోండి, తొలి ఏడాది తక్కువ చెప్పి తర్వాత పెంచే చోట్లు ఉంటాయి. మనసు మారితే ఏం చేయాలో కూడా తెలుసుకోండి. యూజీసీ 2018లో పెట్టిన నియమం ప్రకారం అడ్మిషన్ల ఆఖరి తేదీకి 15 రోజుల ముందే వద్దంటే మొత్తం డబ్బు తిరిగి వస్తుంది, ప్రాసెసింగ్ కింద అయిదు శాతం, అదీ అయిదు వేలు మించకుండా కోసుకోవచ్చు. 15 రోజుల లోపు అయితే 90 శాతం, ఆఖరి తేదీ దాటి 15 రోజుల్లో అయితే 80, నెలలోపు 50, ఆ పైన సున్నా. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర పెట్టుకోకూడదు, చూసి తిరిగి ఇచ్చేయాలి. ఇవ్వకపోతే ఈ నియమం పేరు చెప్పి అడగండి.

కాలేజీ చూడ్డానికి శనివారం పొద్దున వెళ్లండి, ఆఫీసు తెరిచి ఉంటుంది, ల్యాబుల్లో పిల్లలుంటారు. రాత్రి ఉండి ఆదివారం ఆరాధనకు పక్కన ఉన్న సంఘానికి వెళ్లి రండి. ల్యాబులో పెద్ద మైక్రోస్కోపులు చూసి మురిసిపోకండి. రెండో ఏడాది అమ్మాయిని ఒక్కసారి రికార్డు పుస్తకం చూపించమనండి. ప్రయోగం ప్రయోగానికీ లెక్చరరు సంతకం కింద తేదీ ఉంటుంది. వారం వారం వేర్వేరు తేదీలుంటే ల్యాబు నడుస్తున్నట్టు. పది ప్రయోగాలకూ ఒకే తేదీ, ఒకే ఇంకు ఉంటే పరీక్షకు ముందు కాపీ కొట్టించినట్టు. బ్రోషర్‌లో వంద ఫోటోలు చూసినా ఇది తెలియదు. కాలేజీల నాణ్యతకిచ్చే న్యాక్ గ్రేడు చెబితే దాని గడువు తేదీ కూడా చూడండి. అటానమస్ అంటే ప్రశ్నపత్రం వాళ్లే తయారుచేసుకుంటారు, డిగ్రీ మాత్రం యూనివర్సిటీదే.

హాస్టల్‌లో గదుల కన్నా స్నానాల గదులు లెక్కపెట్టండి. ఎంతమందికి ఎన్ని, పొద్దున ఆరింటికి నీళ్లు వస్తాయా అని పిల్లల్నే అడగండి, వార్డెన్‌ని కాదు. రాత్రి రెండింటికి ఒంట్లో బాగులేకపోతే ఎవరు ఆసుపత్రికి తీసుకెళ్తారు అన్నది మాత్రం వార్డెన్‌నే అడగండి. వెంటనే ఫలానా మనిషి, ఫలానా ఆసుపత్రి అని చెబితే మంచి చోటే. రాయగడ, కోరాపుట్ వైపు నుంచి వచ్చిన సీనియర్ అమ్మాయి ఉంటే పిల్లను ఆమెతో ఓ గంట ఒంటరిగా వదలండి, మీరు పక్కన ఉంటే ఆమె ఏమీ చెప్పదు. ర్యాగింగ్ వ్యతిరేక అఫిడవిట్ మీదొకటి, పిల్లదొకటి అడుగుతారు, 2009 నుంచి అది తప్పనిసరి. టోల్ ఫ్రీ నంబరు 1800-180-5522. పిల్ల ఫోన్‌లో పెట్టండి.

డిగ్రీ వద్దు, నర్సింగ్ అంటే అది వేరే దారి. మన జిల్లాలోనే బిస్సమ్ కటక్ క్రిస్టియన్ హాస్పిటల్ 1954 నుంచి ఉంది, నర్సింగ్ నేర్పుతారు. మిషన్ ఆసుపత్రుల్లో చదివితే చదువు తర్వాత కొన్నేళ్లు అక్కడే పనిచేయాలన్న ఒప్పందం ఉండవచ్చు. ఎన్నేళ్లు, మానేస్తే ఎంత కట్టాలి అని సంతకానికి ముందే చదవాలి. బైబిల్ కాలేజీ ఆలోచన ఉంటే వేదాంత డిగ్రీలిచ్చే సెరాంపూర్ సెనేట్ గుర్తింపు ఉందా అని అడగండి. అది లేని చోట ఇచ్చే సర్టిఫికెట్ సంఘ పరిచర్యకు పనికిరావచ్చు, ఉద్యోగానికీ బీఎడ్‌కూ పనికిరాదు.

పిల్లా, ఆఖరి మాట నీకు. సెలవులకు ఇంటికి వచ్చి హాస్టల్‌కి తిరిగి వెళ్లాక వారానికో రెండు వారాలకో జ్వరం తగిలితే, అక్కడి డాక్టరుకు నువ్వు చెప్పకపోతే తెలియదు. రాయగడ జిల్లా నుంచి వచ్చాను, మలేరియా పరీక్ష చేయండి అని నోరు తెరిచి అడుగు. విశాఖలో మామూలు వైరల్ జ్వరమనుకుని పారాసెటమాల్ ఇచ్చి పంపితే, ఫాల్సిపారం రకం మలేరియా రెండు మూడు రోజుల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. ఈ మాట చేరిన రోజే వార్డెన్‌కి కూడా చెప్పి, హాస్టల్ ఫారంలో ఆరోగ్యం గడిలో రాయించు.

మీ అన్నయ్య