టెక్ సందేహాలు: ఒకే పక్షికి మూడు పేర్లు చెప్పే యాప్

ప్రశ్న: మా అబ్బాయి దగ్గర ఉందామని డాలస్ వచ్చాను. సాయంత్రమైతే చాలు, ఇక్కడి దుకాణాల ముందు కార్లు నిలిపే చోట నల్లపక్షులు వందల్లో వాలుతున్నాయి. నిగనిగలాడే మగవాటిని గుర్తుపట్టగలుగుతున్నాను. చిక్కంతా గోధుమ రంగు ఆడవాటితోనే. అబ్బాయి వాట్సాప్‌లో పంపే ఫొటోలను పక్షుల యాప్‌కు ఇస్తే ఒకసారి గ్రాకిల్ అంటుంది, ఇంకోసారి బ్లాక్‌బర్డ్, మరోసారి కౌబర్డ్. మంచి కెమెరా ఉన్న కొత్త ఫోను కొనమంటారా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఫోను కొనకండి. ముందు ఆ ఫొటోలు మీ దగ్గరికి వస్తున్న దారి మార్చండి.

మీరు వాడేది ఏ యాప్ అన్నది రాయలేదు. ఎక్కువమంది వాడేది కార్నెల్ విశ్వవిద్యాలయ పక్షిశాస్త్ర ప్రయోగశాల ఉచితంగా ఇస్తున్న మెర్లిన్. అది ఫొటోతోపాటు ఎక్కడ తీశారు, ఎప్పుడు తీశారు అన్నదీ చూస్తుంది. ఆ ఊళ్లో ఆ రోజుల్లో ఏ పక్షులు తిరుగుతాయో పక్షి ప్రేమికులు ఈబర్డ్‌లో నమోదు చేసిన జాబితాలను బట్టి దానికి తెలుసు. ఫొటో మామూలుగా వాట్సాప్‌లో వస్తే ఊరు, తేదీ వివరాలు దారిలోనే రాలిపోతాయి. మీకు వచ్చిన పేర్లు మూడూ అమెరికా పక్షులవే కాబట్టి ఊరు సరిగ్గానే పడి ఉంటుంది. తేదీ సంగతి చూసుకోండి. బ్లాక్‌బర్డ్‌లలో ఒక రకం బ్రూయర్స్ బ్లాక్‌బర్డ్, అది డాలస్‌కు చలికాలపు చుట్టం. ఆగస్టులో తీసిన ఫొటోకు జనవరి తేదీ ఇస్తే అది కూడా వరసలోకి వచ్చి కూర్చుంటుంది. పైగా వాట్సాప్ ఫొటోను కుదించి పంపుతుంది. ఆ కుదింపులో ముందుగా పోయేవి కంటి రంగు, ఈకల మీది సన్నని చారలు. మీ పక్షుల తేడా ఉన్నది సరిగ్గా అక్కడే. అబ్బాయిని ఫొటోను డాక్యుమెంట్‌గా పంపమనండి, ఏమీ పోదు.

ఇక కన్ను. పార్కింగ్ స్థలాల్లో మీరు చూసేవి చాలావరకు గ్రేట్ టెయిల్డ్ గ్రాకిల్ ఆడవే అయి ఉంటాయి. పసుపుపచ్చ కన్ను, లేత గోధుమ రంగు గొంతు, పొడుగు కాళ్లు, పొడుగు తోక. మన గోరింక కంటే పెద్దది, కాకి కంటే చిన్నది. బ్రూయర్స్ ఆడదానికి కన్ను నల్లగా ఉంటుంది, తోక మరీ పొడుగు కాదు, ఒళ్లంతా బూడిద కలిసిన గోధుమ రంగు. దాని మగదానికి మాత్రం పసుపు కన్నే, అక్కడే చాలామంది పొరబడతారు. ఇంకో మెలిక ఉంది: గ్రాకిల్ పిల్లలకూ మొదట్లో కళ్లు ముదురుగానే ఉంటాయి. వేసవిలో కంటిని ఒక్కదాన్నే నమ్మకుండా కాళ్లు, తోక కూడా చూడండి.

కౌబర్డ్‌కు కన్ను చూడనక్కర్లేదు, ముక్కు చాలు. గింజలు కొరికే పిచ్చుక ముక్కులా పొట్టిగా, లావుగా ఉంటుంది. మన కోకిలలాగే ఇదీ పరాయి గూళ్లలో గుడ్లు పెడుతుంది. (కోకిల అంటే గుర్తొచ్చింది. మా వీధిలో చుక్కల ఆడ కోకిలను చాలా ఏళ్లు వేరే పక్షి అనుకున్నాను. మీరు మూడు పేర్ల దగ్గరే ఆగారు, నయం.) ఒంటి నిండా ముదురు చారలతో, పెద్ద పిచ్చుకలా కనిపిస్తే అది రెడ్ వింగ్డ్ బ్లాక్‌బర్డ్ ఆడది.

ఎప్పుడైనా గాల్వెస్టన్ సముద్రతీరానికి వెళ్తే మాత్రం లెక్క మారుతుంది. అక్కడ బోట్ టెయిల్డ్ గ్రాకిల్ కూడా ఉంటుంది. ఒకప్పుడు ఈ రెండింటినీ ఒకే జాతిగా లెక్కించేవారు, అంత పోలిక. ఆ తీరంలో బోట్ టెయిల్డ్ కన్ను ముదురు గోధుమ రంగు, గ్రేట్ టెయిల్డ్‌ది పసుపు.

ఫొటో తీసేటప్పుడు సూర్యుణ్ణి మీ వీపు వైపు ఉంచుకోండి. తీగ మీద కూర్చున్న పక్షిని సాయంత్రం ఆకాశం వైపు తిరిగి తీస్తే ఫోను ఆకాశాన్ని చూసి వెలుతురు తగ్గిస్తుంది, పక్షి మసిబొగ్గు అవుతుంది. తెర మీద పక్షిని తాకి వెలుతురు పెంచండి. వేళ్లతో సాగదీసి జూమ్ చేయకండి. అలా చేస్తే చాలా ఫోన్లు ఈకలను నున్నగా పూసేస్తాయి, చారలు మాయమవుతాయి. దాని బదులు వీడియో తీసి, పక్షి తల తిప్పినప్పుడు కన్ను కనిపించే ఫ్రేమును యాప్‌కు ఇవ్వండి. డబ్బు ఖర్చు పెట్టాలనే ఉంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపించే బైనాక్యులర్ కొనుక్కోండి. ఫోను కంటే చాలా చవకలో దొరుకుతుంది, కన్ను దానికదే కనిపిస్తుంది.

కూతను బట్టి పేరు చెప్పే సదుపాయం మెర్లిన్‌లో ఉంది కానీ, ఈ పనికి దాని మీద ఆధారపడకండి. అక్కడ తుప్పుపట్టిన తలుపులా కిర్రుమంటూ గోల చేసేవి ఎక్కువగా మగ గ్రాకిల్స్. చలికాలంలో ఈ పక్షులన్నీ కలగలిసి గుంపు కడతాయి కాబట్టి, యాప్ విన్న పక్షీ మీరు చూస్తున్న పక్షీ ఒకటే కాకపోవచ్చు.

ప్రశ్న: ఊరి బయట సిగ్నల్ ఉండదు. ఇలాంటి యాప్ అక్కడ పనిచేస్తుందా?
- ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: మెర్లిన్ అయితే పనిచేస్తుంది. ఇంట్లో వైఫై ఉండగానే మన దేశపు పక్షుల ప్యాక్ దించుకోండి. ఫోనులో ముందుగా కొంత ఖాళీ చేసుకోండి, ప్యాక్ పెద్దదే.